కర్పూరం బిళ్ళ

మూత తియ్యగానే కర్పూరం వాసన వచ్చింది.

అదొక చుట్టల పెట్టె. పల్చటి చెక్కతో చేసి, అంచుల వెంట రంగు కాగితం అంటించిన పాతకాలపు పెట్టె. న్యూజెర్సీలో మా వీధి చివరి ఇంట్లో, వంటగది బల్ల మీద, పదిహేను డాలర్లని చీటీ అంటించి పెట్టారు. ఆ ఇంటి పెద్దావిడ పోయి అప్పటికి నెలన్నర. పిల్లలిద్దరూ దూరాన వేరే రాష్ట్రాల్లో ఉంటారు. ఇల్లు అమ్మేముందు సామానంతా అమ్మిపెట్టే పని ఎవరికో ఒప్పజెప్పారు. దాన్ని ఇక్కడ ఎస్టేట్ సేల్ అంటారు. శనివారం పొద్దున్నే తలుపులు బార్లా తీస్తారు. ఊళ్ళోవాళ్ళెవరైనా వచ్చి పడగ్గది దాకా తిరగొచ్చు, బీరువాలు తెరవొచ్చు, చెంచాలకీ దుప్పట్లకీ బేరమాడొచ్చు.

మనిషి పోయిన ఇంట్లోకి అలా బేరానికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. ఆవిడ నాకు తెలిసిన మనిషి. మావాడు లిటిల్ లీగ్ బేస్‌బాల్ చొక్కా వేసుకుని భుజాన బ్యాటుతో వెళ్తుంటే వరండాలోంచి పిలిచి, ఈవేళ ఎవరితో ఆట అని అడిగేది. ఓడిపోయి వచ్చిన రోజున కూర్చోబెట్టి బిస్కెట్లు పెట్టేది. ఆవిడ కుడిచేతికి ఎప్పుడూ రెండు గాజులుండేవి. తేనెరంగువి, వేలంత మందం. చెయ్యి ఊపితే గలగలమనేవి కావు, టక్కుమని మెత్తగా తగులుకునేవి. ఊరుకాని ఊళ్ళో చేతికి గాజులున్న ముసలావిడ కనపడడం వల్లనే కాబోలు, వచ్చిన కొత్తలోనే ఆవిడ నాకు అయినమనిషిలా అనిపించింది. ఆ గాజులు ఎవరి చేతికో పోయేలోపు ఒక్కసారి చూద్దామని చివరికి లోపలికి వెళ్ళాను.

పెట్టెలో ఉన్నాయి రెండూ. వాటి కింద, చేతిరుమాలు ముక్కలో చుట్టి, అర్ధరూపాయి బిళ్ళంత బ్యాడ్జీ ఒకటి. దాని మీద బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న కుర్రాడి బొమ్మ. మీసాలు రాని మొహం, ఎండకి చిట్లించిన కళ్ళు. చుట్టూ రాసిన జట్టు పేరులో మూడక్షరాలే మిగిలాయి. తిప్పి చూస్తే తుప్పు పట్టిన సూది, దాని వెనక గుండ్రటి కాగితం మీద చీమతలకాయలంత అచ్చు: వైట్‌హెడ్ అండ్ హోగ్, న్యూవార్క్, న్యూజెర్సీ. కింద 1896 నాటి పేటెంటు. బొటనవేలితో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మమ్మ పూజగది వాసన.

నేను పాత బేస్‌బాల్ వస్తువులూ, తొలినాటి ప్లాస్టిక్ నగలూ పోగుచేస్తానంటే ఈ రెంటికీ పొంతనేమిటని అందరూ అడుగుతారు. నాకవి ఒకే పెట్టెలో దొరికాయి. పొంతన ఉందని తర్వాత తెలిసింది.

ఆ వాసన నా భ్రమ కాదు. ఆ బొమ్మ మీద పరిచిన గాజుపలకలాంటి పొర సెల్యులాయిడ్. సెల్యులాయిడ్‌లో సగం ప్రాణం కర్పూరమే. 1860ల్లో బిలియర్డ్ బంతులు ఏనుగు దంతంతో చేసేవాళ్ళు. దంతానికి కరువొస్తుందేమోనని భయపడి, దానికి బదులు వస్తువు కనిపెట్టినవాళ్ళకి పదివేల డాలర్లు ఇస్తామని న్యూయార్క్‌లో ఒక బిలియర్డ్ కంపెనీ ప్రకటించింది. ఆల్బనీలో జాన్ వెస్లీ హయాట్ అనే అచ్చుపనివాడు ఆ పని మీద కూర్చున్నాడు. నైట్రిక్ ఆమ్లంలో మార్చిన దూదికి కర్పూరం కలిపి, వేడి పెట్టి గట్టిగా నొక్కితే, కావలసిన ఆకారానికి వంగి చల్లారాక గట్టిపడే పదార్థం వచ్చింది. 1870లో పేటెంటు, ఆ తర్వాత రెండుమూడేళ్ళకి న్యూవార్క్‌లో ఫ్యాక్టరీ. మా ఇంటి నుంచి కారులో అరగంట. దువ్వెనలు, కాలర్లు, బొమ్మలు, సినిమా రీళ్ళు, దంతపు నగలని భ్రమపెట్టే బ్రూచీలు, అన్నీ దానితోనే. ఆ కర్పూరంలో చాలాభాగం తైవాన్ అడవుల్లోని చెట్ల నుంచి ఓడలెక్కి వచ్చేది.

1896లో మెకిన్లీ, బ్రయాన్ అధ్యక్ష పదవికి పోటీ పడినప్పుడు ఈ బ్యాడ్జీ బిళ్ళలు దేశమంతా చొక్కాలెక్కాయి. అచ్చు వేసిన కాగితం, పైన సెల్యులాయిడ్ పొర, కింద రేకు, వెనక సూది, అంతే. పైసల్లో తయారయ్యేది. ఆ వెంటనే సిగరెట్ కంపెనీలు, మిఠాయి కంపెనీలు బేస్‌బాల్ ఆటగాళ్ళ మొహాలతో పంచిపెట్టాయి. ఊరూరా ఉన్న చిన్న జట్లు కూడా తమ పేరుతో చేయించుకున్నాయి. మెడలో గొలుసు, వేలికి ఉంగరం లేని కుర్రవాడు గుండె మీద పెట్టుకున్న నగ అది. బ్రూచీకీ దానికీ సూది ఒకటే, పొరా ఒకటే.

మన ఇళ్ళల్లో ఆస్తి హరించుకుపోతే హారతి కర్పూరం అయిపోయిందంటాం. మంట కూడా అక్కర్లేదు, మూత తీసి ఉంచితే చాలు, కర్పూరం దానంతటది గాలిలో కలిసిపోతుంది. అందుకే అమ్మమ్మ కర్పూరం డబ్బాలో నాలుగు మిరియపు గింజలు వేసి బిగించేది. సెల్యులాయిడ్‌లో ఉన్నదీ ఆ కర్పూరమే. నూరేళ్ళుగా కొంచెం కొంచెంగా బయటికి పోతూనే ఉంటుంది. పోయినకొద్దీ వస్తువు బిగుసుకుని, కుంచించుకుని, చివరికి పగులుతుంది. నాకు వాసన వచ్చిందంటే ఆ కుర్రాడి బొమ్మలోంచి మరికాస్త పోయిందన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజున బిళ్ళని మళ్ళీ రుమాలు ముక్కలో చుట్టి, ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాను.

గాజుల సంగతి ఇంకా దగ్గరిది.

అమ్మమ్మ వాళ్ళది హైదరాబాద్ పాతబస్తీ. పండక్కి వెళ్తే లాడ్ బజార్‌కి తీసుకెళ్ళేది. ఒక కొట్లో లోపలగా బొగ్గుల కుంపటి ముందు పెద్దాయన ఒకడు కూర్చుని ఉండేవాడు. లక్క కడ్డీని వేడి చేసి, పలక మీద తాడులా సాగదీసి, చుట్టి కొసలు కలిపేవాడు. ఆ మెత్తదనం ఉండగానే చిన్న పట్టకారుతో అద్దం ముక్కలు, రంగురాళ్ళు ఒక్కొక్కటే గుచ్చేవాడు. నా చెయ్యి పట్టుకుని మణికట్టు నొక్కి చూసి, గాజుని మళ్ళీ నిప్పుల మీద కాస్త కాచి, కర్ర మీద తిప్పి, నా కొలతకి తెచ్చి వేశాడు. గోరువెచ్చగా ఉంది. అప్పుడు నాకు ఏడేళ్ళు. మట్టిగాజులైతే అలా ఉండవు, పగలడమో పట్టడమో రెండే. లక్క గాజు మనిషి చేతిని చూసి మారుతుంది.

ఆ పెద్దావిడ తేనెరంగు గాజులు బేకలైట్ అని ఇక్కడి వాళ్ళు చెప్పారు. బేకలైట్ అంటే మనకి నల్లటి స్విచ్చులు, రేడియో బిరడాలు, పాత టెలిఫోన్లు. గాజులేమిటనుకున్నాను. చదవగా చదవగా తెలిసింది. బెల్జియం నుంచి వచ్చి న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లో స్థిరపడ్డ లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త ఫొటో కాగితం కనిపెట్టి, అది ఈస్ట్‌మన్ కొడాక్‌కి అమ్మి, ఆ డబ్బుతో ఇంట్లోనే ప్రయోగశాల పెట్టుకున్నాడు. కరెంటు కొత్తగా వచ్చిన రోజులు. తీగల మీద పూయడానికి, బిగింపులకి చపడా కావాలి. చపడా అంటే శుద్ధి చేసిన లక్కే. అది మన మోదుగ చెట్ల మీద, రేగు కొమ్మల మీద, కుసుమ చెట్ల మీద పురుగులు పెట్టే జిగురు. ఆ పురుగులు ఎంత పెడితే అంతే సరుకు. కరెంటు పరిశ్రమ ఆకలికి అది చాలలేదు. చపడాకి బదులు చేతిలో తయారయ్యేది ఏదైనా దొరుకుతుందా అని వెతికాడాయన. ఫీనాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి, మూసిన పాత్రలో వేడీ ఒత్తిడీ పెట్టి 1907లో సాధించాడు. 1909లో లోకానికి చెప్పాడు.

లక్క బదులుకి వెతికితే వచ్చింది బేకలైట్. దానితో ఇరవై ముప్ఫై ఏళ్ళలో మళ్ళీ గాజులే చేశారు. ఇది తెలుసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లాడ్ బజార్ కుంపటి దగ్గర గోరువెచ్చగా నా చేతికెక్కినదీ, న్యూజెర్సీ ముసలావిడ చేతికి టక్కుమన్నదీ అక్కాచెల్లెళ్ళని తెలిసింది.

బేక్‌లాండ్ పేటెంట్ల గడువు తీరాక, 1920ల చివర కాటలిన్ అనే కంపెనీ అదే జాతి పదార్థాన్ని రంగురంగుల్లో పోతపోసింది. సీసపు అచ్చుల్లో పోసి, ఓవెన్లలో రోజుల తరబడి ఉడికించి, గొట్టాలుగా తీసేవాళ్ళు. గొట్టాన్ని సొరకాయ చక్రాల్లా తరిగితే గాజులు. తర్వాత ప్రతి గాజునీ ఒక మనిషి చేత్తో పట్టుకుని, తిరిగే చక్రానికి ఆనించి పువ్వులో గీతలో చెక్కాలి, ఇంకొకరు మెరుగు పెట్టాలి. 1930ల కరువు రోజుల్లో బంగారం మొహం చూడలేని ఆడవాళ్ళు ఇవి కొని వేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఆ సరుకంతా మిలిటరీ పనులకి మళ్ళింది. యుద్ధం అయ్యాక అచ్చులో పోస్తే క్షణంలో ఊడిపడే కొత్త ప్లాస్టిక్కులొచ్చాయి. రోజుల తరబడి ఉడికించి చేత్తో చెక్కే ఓపిక ఎవరికుంటుంది? ఆ గాజులు ఆగిపోయాయి.

మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరుంది. 1959 నుంచి అక్కడ ఏటా మూడుసార్లు పాత సామాన్ల సంత జరుగుతుంది. మైలు పొడవునా పొలాల్లో డేరాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక డేరా కింద నెరిసిన జడ ఉన్న ఆవిడ నాకు బేకలైట్ పోల్చుకోవడం నేర్పింది. చూస్తే తెలియదంది. కళ్ళు మూసుకోమని, గాజుని బొటనవేలికింద పెట్టి, వేలు కాలేదాకా రుద్దమంది. రుద్దాను. వాసన చూడమంది. బయాలజీ ల్యాబులో సీసాల వాసన, వెనకే పాత కార్బాలిక్ సబ్బు వాసన. "ఇంకేదీ ఇలా మాట్లాడదు. నీ వేలి వేడి తగలందే నోరు విప్పదు" అంది. ఈమధ్య చేసిన నకిలీలకి ఫేకలైట్ అని పేరు. రంగు, బరువు, చెక్కుడు అన్నీ దించేస్తారు, ఈ వాసన మాత్రం దించలేరు.

ఇంటికొచ్చి పెద్దావిడ గాజులు తీసి కిటికీ దగ్గర చూశాను. ఒకదాని లోపలి అంచున పాత దెబ్బ ఒకటుంది, గోరంత లోతు. ఆ లోతులో రంగు తేనెరంగు కాదు. పాలరంగు. ఈ పదార్థం ఏళ్ళు గడిచినకొద్దీ పైపైన ముదురుతుంది, తెలుపు వెన్నరంగై, వెన్న తేనై, నీలం ఆకుపచ్చై. అంటే ఆవిడ కొన్ననాడు అవి తెల్లటి గాజులు. ఏ పెళ్ళికో, మొదటి జీతానికో కొనుక్కుని ఉంటుంది. నేను చూసిన తేనెరంగంతా ఆవిడ చేతి మీద పట్టిన వయసు. మెరుగు ముద్దతో పది నిమిషాలు రుద్దితే తెలుపు తిరిగొస్తుందని, అప్పుడు ధర కూడా పెరగొచ్చని చెప్పారు. రుద్దలేదు. రుద్దను.

గాజు ముట్టుకుంటేనే తెలుస్తుంది. బేస్‌బాల్ కార్డు దగ్గరకొచ్చేసరికి లోకం తలకిందులు. అక్కడ ముట్టుకుంటే విలువ పోతుంది.

1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో చిన్న అట్టముక్కలు పెట్టింది. పెట్టె నలగకుండా ఉండడానికీ, కొనేవాడిని ఊరించడానికీ. వాటి మీద ఆటగాళ్ళ రంగు బొమ్మలు, ఐదువందలకు పైగా. ఇప్పుడు వాటిని టీ206 అంటారు. అందులో పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు లోకప్రసిద్ధం. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఇష్టంలేక వద్దన్నాడని కొందరు, డబ్బు కుదరక వద్దన్నాడని కొందరు. ఏదైతేనేం, ఆపేశారు. మిగిలినవి అరవై లోపు. ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు పోయింది. అదే నెలలో 1952 నాటి మికీ మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు పోయింది. ఆ 1952 కార్డులు తీర్చిదిద్దిన సై బర్గర్, అమ్ముడుపోని పెట్టెల్ని 1960లో పడవకెత్తించి మా న్యూజెర్సీ తీరం దాటాక సముద్రంలో పారబోయించానని చెప్పుకున్నాడు. పారేసినందుకే మిగిలినవాటికి ఆ ధర.

నా బాధ ధర గురించి కాదు. మార్కుల గురించి. గ్రేడింగ్ కంపెనీలు కార్డుని భూతద్దంలో చూసి పదికి ఇన్నని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో సీలు వేస్తాయి. మూల కాస్త మెత్తబడితే మార్కు పోతుంది. సూది బెజ్జం ఉంటే, పెన్సిల్ గీత ఉంటే, ఇక అట్టడుగే. ఆ కోటి డాలర్ల మాంటిల్‌కి తొమ్మిదిన్నర మార్కులొచ్చాయంటే, డెబ్భై ఏళ్ళలో ఏ పిల్లవాడూ దాన్ని జేబులో పెట్టుకోలేదని అర్థం. సైకిల్ చక్రం పుల్లల మధ్య బట్టల క్లిప్పుతో బిగించి టరటరమనిపించలేదని అర్థం. మా అన్నయ్య అట్టముక్కలతో చేసిన పనే అది. ప్రతి ఊళ్ళో పిల్లలకీ ఆ మోత తెలుసు.

1991లో 4,51,000 డాలర్లకు వేలంలో పోయిన వాగ్నర్ కార్డు ఒకటుంది. పదికి ఎనిమిది మార్కుల కార్డు, అంచులు కత్తిలా ఉంటాయి. అంచులు తానే కోశానని అంతకుముందు దాన్ని చేతులు మార్చిన డీలరు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. చెయ్యి పడలేదని చూపడానికి కత్తి పడింది.

నా దగ్గర టీ206 కార్డు ఒక్కటే ఉంది. నలభై డాలర్లకు కొన్నాను. పెద్ద పేరున్న ఆటగాడు కాదు. నాలుగు మూలలా సూది బెజ్జాలు. గోడకి గుచ్చి ఉంటారు, ఒకసారి కాదు, ఒక మూలన మూడు బెజ్జాలున్నాయి. ఇల్లు మారినప్పుడల్లా తీసి మళ్ళీ గుచ్చారేమో. వెనక సిగరెట్ ప్రకటన మీద అడ్డంగా పెన్సిల్‌తో చిన్నపిల్లాడి అంకెలు, కూడికలు. ఒకచోట తప్పు కూడి, వేలితో చెరిపి, పక్కన మళ్ళీ రాశాడు. ఆ వేలి మసక అలాగే ఉంది. అమ్మినాయన క్షమాపణగా, ఇది ఒక మార్కుదండీ అన్నాడు. ఆ వేలి మసక కోసమే కొంటున్నానని చెప్పాను.

నా మాటకి సాక్ష్యం కావాలంటే జెఫర్సన్ బర్డిక్‌ని పిలుస్తాను. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్‌లో కరెంటు సామాన్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మామూలు మనిషి. పెళ్ళి లేదు, ఆస్తి లేదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయాయి. కాగితం మీద అచ్చయి జనం చేతుల్లో తిరిగిన ప్రతి చిన్న ముక్కనీ పోగుచేశాడు: సిగరెట్ కార్డులు, పోస్టుకార్డులు, చుట్టలకి చుట్టే కాగితపు పట్టీలు, వాలెంటైన్లు. వాటన్నిటికీ వరసలు కట్టి జాబితా రాశాడు. టీ206 అన్న పేరు ఆయన పెట్టిందే. టీ అంటే టొబాకో.

ఆ పోగంతా, మూడు లక్షల పైచిలుకు, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంకి ఇచ్చేశాడు. వరస పెట్టి ఆల్బముల్లో అంటించే పని కూడా తనే చెయ్యాలి. ఉద్యోగం మానుకుని న్యూయార్క్‌కి మకాం మార్చి, మ్యూజియంలో ఒక బల్ల దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి అంటించాడు. జిగురుతో. నేటి సంతలో ఈ మాట చెప్తే గుండెలు బాదుకుంటారు, జిగురు తగిలిన వాగ్నర్‌కి మార్కులెక్కడివని. 1963 జనవరిలో చివరి ముక్క అంటించాడు. మార్చిలో పోయాడు.

మ్యూజియంలో ఆ కార్డుల్ని కొన్నికొన్నిగా మారుస్తూ ప్రదర్శనకి పెడతారు. నేను మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి బొమ్మల్ని వదిలేసి అంచులు చూశాను. ఎక్కడా వంకర లేదు. పిడికిలి ముడవని చేతులతో, గంటకి కొన్నేసి చొప్పున, అంత తిన్నగా అంటించడానికి ఎంత నొప్పి ఓర్చుకున్నాడో. అమ్ముకోడానికి పనికిరాకుండా చేసి, అందరూ చూసేలా చేశాడు. మన దగ్గర ఇంటింటికీ తిరిగి తాళపత్రాలు పోగుచేసినవాళ్ళ సంగతి వింటూ పెరిగిన నాకు ఆయన ఏ కోవ మనిషో చెప్పక్కర్లేదు.

అయితే బర్డిక్ కూడా పోగుచేయలేనివి కొన్నున్నాయి. అచ్చే వేయనివి. ఆ ఐదువందల టీ206 మొహాల్లో ఒక్క నల్లమొహం లేదు. 1880ల చివర మొదలై అరవై ఏళ్ళ దాకా పెద్ద లీగుల తలుపులు నల్లవాళ్ళకి మూసేశారు. వాళ్ళు తమ లీగులు తాము కట్టుకున్నారు. మా పక్కనున్న న్యూవార్క్‌లోనే ఈగిల్స్ అనే జట్టు ఉండేది. ఎఫా మ్యాన్లీ అనే ఆవిడ భర్తతో కలిసి నడిపింది. 1946లో ఆ జట్టు నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన స్త్రీ ఇప్పటికీ ఆవిడ ఒక్కతే. బిళ్ళల ఫ్యాక్టరీ, సెల్యులాయిడ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరది. అయినా ఈగిల్స్ ఆటగాళ్ళ గుర్తుగా ఏదైనా దొరుకుతుందా అని ఏళ్ళుగా వెతుకుతున్నాను. ఒక టికెట్ ముక్క కనపడితే పండగ.

నీగ్రో లీగుల ఆటగాడు జాష్ గిబ్సన్ బొమ్మని ఇక్కడి పొగాకు కంపెనీలు వేయలేదు, బబుల్‌గమ్ కంపెనీలు వేయలేదు. నీగ్రో లీగుల లెక్కల్ని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024లో తన పద్దులో కలిపినప్పుడు గిబ్సన్ బ్యాటింగ్ సగటు .372తో టై కాబ్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చింది. ఆయన 1947 జనవరిలో పోయాడు. ఇంకో మూడు నెలలకి, ఏప్రిల్ 15న, బ్రూక్లిన్‌లో ఆ మూసిన తలుపు తోసుకుని జాకీ రాబిన్సన్ మేజర్ లీగు మైదానంలో కాలుపెట్టాడు. అపురూపమని ఒకే మాట వాడతాం గానీ, వాగ్నర్ కార్డు లేకపోవడం వేరు, గిబ్సన్ కార్డు లేకపోవడం వేరు. వాగ్నర్‌ని వేయాలా వద్దా అని అడిగారు.

బ్రిమ్‌ఫీల్డ్‌లో ఒకసారి 1947 నాటి బిళ్ళ చూశాను. రాబిన్సన్ మొహం, చుట్టూ, పెట్టుకున్నవాళ్ళు అతని పక్షమని చెప్పే మాట. నా తాహతుకి మించిన ధర. అడిగితే అమ్మేవాడు అరచేతిలో పెట్టాడు. సూది వంగి ఉంది, మందపాటి కోటుకి గుచ్చినట్టు. రాబిన్సన్ ఆ ముందటేడు మా జెర్సీ సిటీలోనే, రూజ్‌వెల్ట్ స్టేడియంలో, మాంట్రియల్ జట్టు తరఫున మొదటి ఆట ఆడి నాలుగు హిట్లు కొట్టాడు. అవి చూసినవాళ్ళలో ఒకరు తర్వాతి ఏడు ఆ బిళ్ళ పెట్టుకుని వీధిలో నడిచి ఉండొచ్చు. ట్రాములో, పనిలో, అందరి చూపులూ పడేలా. ఎన్ని రాళ్ళు పొదిగిన నగకి అంత ధైర్యం కావాలి? కాసేపు పట్టుకుని తిరిగిచ్చేశాను.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో నాకు దాచడమంటే బిగించడమే. ఒక సెల్యులాయిడ్ దువ్వెన కొన్నాను, నెమలిపింఛంలా విప్పుకున్న తలతో, దంతంలా గీతలున్నది. దాన్నీ కుర్రాడి బిళ్ళనీ కలిపి, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో వేసి, బీరువా పై అరలో పెట్టాను. కర్పూరం పోకుండా ఆపుతున్నానన్న నమ్మకం. మూడేళ్ళకి తీసేసరికి దువ్వెనకి చెమట పట్టింది. జిగటగా, ఘాటైన పులుపు వాసన. పళ్ళు పటికబెల్లంలా పగిలి రాలాయి. సెల్యులాయిడ్ చెడడం మొదలైతే అందులోంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. అది బయటికి పోయే దారి లేకపోతే పక్కనున్న దాన్ని కూడా తినేస్తుంది. జబ్బులా అంటుకుంటుందంటారు. బిళ్ళ సూది తుప్పు రెట్టింపైంది. కుర్రాడి ఎడమ చెంప మీద గోధుమరంగు నీడ కమ్మింది. నూరేళ్ళు ఆ పెద్దావిడ ఇంట్లో చుట్టల పెట్టెలో, సందులున్న చెక్కలో, క్షేమంగా ఉన్న పిల్లవాడు నా జాగ్రత్త కింద మూడేళ్ళలో మసకబారాడు. ఆ రోజు ఏడ్చాను.

ఇప్పుడు మళ్ళీ చుట్టల పెట్టెలోనే ఉంటాడు. గాజులు వేరే గుడ్డసంచిలో. నెలకోసారి, ఎండ తగలని కిటికీ పక్కన, మూత తీసి అరగంట ఉంచుతాను. మావాడు కాలేజీ నుంచి వచ్చినప్పుడు తనే తీస్తాడు. వాడికి ఆ పెద్దావిడ గుర్తుంది. బిస్కెట్లూ గుర్తున్నాయి.

పోయిన ఆదివారం తీశాను. వాసన మునుపటిలా ఎదురు రాలేదు. వంగి ముక్కు దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. బొటనవేలు ఆనించబోయి ఆగాను, రుద్దితే కాస్త వస్తుంది, ఆ కాస్తా పోతుంది. ఎడమ చెంప నీడ పెరగలేదు. ఎండకి చిట్లించిన కళ్ళు అలాగే ఉన్నాయి. రుమాలు ముక్కలో చుట్టి, మూత వేలెడు సందు ఉండేలా వేసి, వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా తీశాను. నాలుగు మిరియపు గింజలు తెచ్చి పెట్టెలో ఒక మూలన వేశాను.